అరవై ఒక్క అయస్కాంతాలు

“తిన్నది నేనే. మూడుసార్లు ఒప్పుకున్నాను. ఇంకేం కావాలి నీకు, సంతకమా?” అన్నాడు ఇవార్.

“సంతకం కాదు, డబ్బాలు కావాలి. పన్నెండు ఉండాలి. తొమ్మిదే ఉన్నాయి,” అంది సోల్వి.

ఆదివారం పూట వంటింటి బల్ల మీద వాఫిల్స్ చల్లారిపోతున్నాయి. సోల్వి మాత్రం నేల మీద మోకాళ్ళ మీద కూర్చుని, మూత తీసిన ప్లాస్టిక్ పెట్టెలో టమాటా రసంలో ఊరిన మాకెరెల్ చేపల డబ్బాలను రెండోసారి లెక్కపెడుతోంది. పెట్టె మీద ఆమె చేతిరాతతో ‘ఆపద’ అని ఒక్క మాట, దాని కింద తేదీ.

“శనివారం మధ్యాహ్నం. నువ్వేమో మీటింగులో. ఫ్రిజ్‌లో సగం నిమ్మకాయ. ఇంట్లో ఆకలితో మొగుడు. దీన్ని మీ ఆఫీసులో ఏమంటారు?”

“బద్ధకం అంటారు. కొట్టు మూడు నిమిషాల నడక.”

“వాన పడుతోంది.”

“వాన ఆపదయితే ఈ దీవిలో ఏడాదికి రెండొందల రోజులు ఆపదే.”

“నేననేదీ అదే. రెండొందల రోజుల్లో తిన్నది మూడు డబ్బాలేగా!”

కూతురు ఇడున్‌కి కాఫీ పొలమారింది. దీవిలో ఇంటింటికీ తిరిగి ముసలివాళ్ళకి మందులిచ్చే నర్సు ఆ పిల్ల. ఆదివారం సెలవైతే అమ్మానాన్నల గొడవ వినడానికే వస్తానని అందరికీ చెబుతుంది.

బల్లకి ఆ చివర కూర్చున్న రాగ్న, వాఫిల్ మీద గోధుమరంగు చీజ్ ముక్కను సరిచేసుకుంటూ కొడుకు వంక చూసింది. “మీ నాన్న కూడా పడవలో ఆపదకని ఒక సీసా దాచేవాడు. ఆపద ఎప్పుడొచ్చినా ఆ సీసా ఖాళీగానే ఉండేది.”

“చూశావా, ఇది మా వంశంలోనే ఉంది,” అన్నాడు ఇవార్.

సోల్వి నవ్వలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకునే రకం కాదు ఆమె. కాలకముందే ఆకులు కోసి, ఎండబెట్టి, లెక్కపెట్టి, పెట్టె మీద తేదీ వేసి ఉంచే రకం. దీవి మొత్తం మీద తొమ్మిదివందల మంది. వాళ్ళలో ముసలివాళ్ళనూ జబ్బువాళ్ళనూ చూసుకునే సంరక్షణ విభాగానికి ఆమె అధికారి. తుఫానొచ్చినా, కరెంటు పోయినా, వంతెన మూసేసినా ఎవరు ఎవరి గుమ్మం ముందు నిలబడాలో చెప్పే ప్రణాళిక రాసింది ఆమే. నూట నలభై పేజీలు, ఎర్ర అట్ట. జిల్లా కార్యాలయం వాళ్ళు దాన్ని చూసి మిగతా దీవులవాళ్ళని కూడా చూసి రాసుకొమ్మన్నారు.

ఆ ఎర్ర అట్ట ఫైలులో ఇంటికో కార్డు ఉంటుంది. ఆపదలో ముందుగా వెళ్ళాల్సిన ఇళ్ళ కార్డుల మూల ఎర్ర చుక్క. అలాంటివి పంతొమ్మిది. పదకొండోది రాగ్నది. వయసు ఎనభై నాలుగు, ఒంటరి, మోకాళ్ళు అరిగాయి, గుండె నీరసం, ఇంట్లో కరెంటు హీటర్ తప్ప వేరే వేడి లేదు.

రాగ్న ఇల్లు ఎక్కడో లేదు, ఇదే పెరట్లో నలభై అడుగుల దూరంలో ఉంది. అయినా చుక్క చుక్కే.

“ఇంతకీ ఆ కాగితం సంగతేమిటి అత్తయ్యా?” అంది సోల్వి, పెట్టె మూత పెడుతూ.

ఆ కాగితం ఫ్రిజ్ తలుపు మీద, గొర్రె బొమ్మ అయస్కాంతం కింద పదిరోజులుగా వేలాడుతోంది. వృద్ధుల నిలయంలో ఒక గది ఖాళీ అయింది. శుక్రవారంలోగా రాగ్న సంతకం పెట్టి ఇవ్వకపోతే వేరే వాళ్ళకి వెళ్ళిపోతుంది. మళ్ళీ ఎప్పుడు ఖాళీ అవుతుందో దేవుడికీ, దీవి డాక్టరుకీ తెలియాలి.

“ఏముంది దాని సంగతి? గొర్రె కాపలా కాస్తోందిగా,” అంది రాగ్న.

“మీకు ఎర్ర చుక్క ఉంది. ఈ చలికాలం ఒంటరిగా ఉండటం...”

“ఎందుకుంది నాకు ఎర్ర చుక్క?”

ఇవార్ కిటికీలోంచి సముద్రాన్ని చూడటం మొదలుపెట్టాడు. పెళ్ళయిన ఇరవై ఏడేళ్ళలో ఇలాంటి సమయాల్లో అతనికి సముద్రం చాలా ఆసక్తిగా కనిపించడం మామూలే.

“నేను చెప్తాను. ఇంట్లో పొయ్యి లేదని. పొయ్యి తీయించింది ఎవరు? నువ్వు. లేదని చుక్క పెట్టింది ఎవరు? నువ్వు. చుక్క ఉంది కనుక ఇల్లు వదలమంటున్నది ఎవరు?”

“నిప్పురవ్వ పడి తివాచీ కాలింది అత్తయ్యా. అరచేయంత బొక్క.”

“ఆ తివాచీ నాకెప్పుడూ నచ్చలేదు,” అంది రాగ్న.

రెండేళ్ళ క్రితం మాట అది. పక్కన దుప్పి బొమ్మ పోత పోసిన ఆ ఇనప పొయ్యి ఇవార్ నానమ్మ కాలం నాటిది. పాత ఇనుముకి వేయమని సోల్వి చెప్పింది. ఇవార్ సరేనని తల ఊపి, ఇద్దరు స్నేహితుల సాయంతో దాన్ని కింద ఒడ్డున ఉన్న పడవల కొట్టంలోకి దించి, గోడకో గొట్టం బిగించి, చేపల వేటప్పుడు అక్కడ కాఫీ కాచుకుంటున్నాడు. అది సోల్వికీ తెలుసు. కొట్టంలో ఎవరూ నివాసం ఉండరు కనుక దానికి కార్డు లేదు.

“నేను పోనని అనడంలేదు,” అంది రాగ్న చివరికి. “పోతే నా కాళ్ళతో నేను పోవాలి. మీ ఫైలులో చుక్క ఉందని కాదు. శుక్రవారం ఇంకా రాలేదుగా.”

శుక్రవారానికి ముందు బుధవారం వచ్చింది, తుఫానుతో.

ముందురోజే హెచ్చరిక అందింది. పొద్దున ఏడింటికల్లా సోల్వి మున్సిపాలిటీ ఆఫీసు నేలమాళిగలో ఉంది. థర్మాస్ నిండా కాఫీ, పెన్సిళ్ళు చెక్కి వరసగా. బయటికి చెప్పుకునే మాట కాదు గాని, ఆమెకు ఆ పొద్దున పెళ్ళివారింటి ఆడపడుచులా ఉంది.

గోడకున్న తెల్లబోర్డు మీద దీవి పటం. పటం చుట్టూ పేర్లు రాసిన అయస్కాంతం బిళ్ళలు. ఆ బిళ్ళలు ఆమె ఆలోచనే. పసుపువి ఇళ్ళకి వెళ్ళే నర్సులు, పద్నాలుగు. నీలంవి మంటలార్పే దళంలో స్వచ్ఛందంగా పనిచేసేవాళ్ళు, పదహారు. ఎర్ర చుక్క ఇళ్ళకి వెళ్ళి పక్కన కూర్చోవలసిన బంధువులు ఆకుపచ్చ, ముప్ఫై ఒకటి. మొత్తం అరవై ఒకటి. చిన్న దీవికి ఇంతమంది సిద్ధంగా ఉండటం గొప్పేనని జిల్లా అధికారి ఆ బోర్డు పక్కన నిలబడి ఫొటో కూడా తీయించుకున్నాడు.

పదీ పదికి కరెంటు పోయింది. అరగంటకి మొబైల్ ఫోన్లు కూడా పోయాయి. మిగిలింది దళంవాళ్ళ రేడియో ఒక్కటే.

“ఉత్తర రోడ్డు మీద చెట్లు పడ్డాయి. నీలం బిళ్ళలు ఎనిమిది అక్కడికి,” అన్నాడు హల్వార్. రోడ్లూ నీళ్ళూ చూసే అధికారి అతను, సోల్వి పక్క కుర్చీ. “ఇవార్, షెల్, బెరిత్...”

“బెరిత్ వద్దు. ఆమె నర్సు. పసుపులో ఉంది.”

“నీలంలో కూడా ఉంది.”

“సరే, షెల్‌ని పంపు.”

“షెల్ వాళ్ళ పెద్దమ్మది ఎర్ర చుక్క. ఆకుపచ్చలో ఉన్నాడు. ఆవిడ దగ్గరికి వెళ్ళమని ఇప్పుడే చెప్పావు.”

సోల్వి లేచి బోర్డు దగ్గరికి వెళ్ళింది. బెరిత్ పసుపులో ఉంది, నీలంలో ఉంది, ఆకుపచ్చలో రెండు చోట్ల ఉంది. ఒకటి తల్లికి, ఒకటి అత్తగారికి. బోర్డు మీద ఉన్నది నలుగురు బెరిత్‌లు. దీవిలో ఉన్నది ఒక్కతే, ఆమెకూ ఒక్కటే కారు.

సోల్వి బిళ్ళలన్నీ బల్ల మీదికి తీసి పేరు పేరునా పోగులు పెట్టింది. పోగులు ఇరవై ఆరయ్యాయి. అరవై ఒక్క అయస్కాంతాలు, ఇరవై ఆరుగురు మనుషులు. ఎవరూ అబద్ధం రాయలేదు. ఎవరిని అడిగినా ‘నా పేరు రాసుకో’ అన్నవాళ్ళే. ఈ దీవిలో దేనికైనా పేరు ఇచ్చేది ఎప్పుడూ ఆ ఇరవై ఆరుగురే.

“అధిక బలం ఉందని జిల్లా వాళ్ళు మెచ్చుకున్నారు కదూ?” అన్నాడు హల్వార్.

“నోరు ముయ్యి.”

అప్పుడే రేడియోలో వృద్ధుల నిలయం నుంచి కబురొచ్చింది. అక్కడి జనరేటర్ ప్రణాళికలో రాసినట్టే పది క్షణాల్లో ఠంచనుగా మొదలైంది. నలభై నిమిషాలు నడిచింది. తర్వాత దగ్గి ఆగిపోయింది.

“ప్రతి నెలా మొదటి సోమవారం నడిపి చూస్తున్నారు కదా! నాలుగేళ్ళ కాగితాలున్నాయి నా దగ్గర, అన్నీ టిక్కులే!” అంది సోల్వి.

“నడిపి చూసినప్పుడల్లా తాగింది,” అంది రేడియోలోని గొంతు. “డీజిల్ అయిపోయింది. మీ ఫారంలో నడిపామా లేదా అని గడి ఉంది గానీ, పోశామా అని లేదమ్మా.”

చేపల రేవు నుంచి డీజిల్ తేవాలి, మధ్యలో చెట్లు పడి ఉన్నాయి. ఈలోగా నిలయంలో ఉన్నవాళ్ళని భోజనాల గదిలో ఒక్కచోట కూర్చోబెట్టి దుప్పట్లు కప్పమంది సోల్వి. కట్టెల పొయ్యి ఉన్న బంధువులు దగ్గర్లో ఉన్న అయిదుగుర్ని మాత్రం ప్రణాళికలో ఉన్న ప్రకారం బస్సెక్కించి పంపమంది. బస్సు బయల్దేరిన చాలాసేపటికి ఆ పేజీ మళ్ళీ తిప్పుతుంటే కార్డుల్లో పదకొండోది చేతికి తగిలింది.

రాగ్న. బాధ్యులు: ఇవార్, సోల్వి, ఇడున్. మూడు పేర్లు. మిగతా ఇళ్ళకి ఒకటో రెండో ఉంటే, ఆమె తన అత్తగారికి మూడు రాసింది.

ఇవార్ ఉత్తర రోడ్డులో రంపంతో ఉన్నాడు. అమ్మ దగ్గర సోల్వి ఉంటుందిలే అనుకుంటూ ఉంటాడు. ఇడున్ పొద్దున్నే వంతెన దాటి అవతలి ఒడ్డుకి వెళ్ళింది. గాలికి వంతెన మూసేశారు. నానమ్మ దగ్గర నాన్న ఉంటాడులే అనుకుంటూ ఉంటుంది. సోల్వి? సోల్వి ఇక్కడ బిళ్ళలు లెక్కపెడుతోంది. ఆ ఇద్దరిలో ఎవరో ఒకరు ఉంటారులే అనుకుంటూనే లెక్కపెట్టింది ఇంతసేపూ.

గోడ గడియారం ఒంటిగంట దాటింది. కరెంటు పోయి మూడు గంటలు.

ఆమె కోటు అందుకుంది.

“ఎక్కడికి? ప్రణాళిక ప్రకారం నువ్వు ఇక్కడ ఉండాలి,” అన్నాడు హల్వార్.

“ప్రణాళిక ప్రకారం నేను అక్కడ కూడా ఉండాలి,” అంది సోల్వి.

గాలికి కారు తలుపు రెండు చేతులతో లాగితే గాని పడలేదు. ఇంటిదాకా ఎలా నడిపిందో ఆమెకే తెలియదు. రాగ్న ఇంటి తలుపు తాళం వేసి లేదు. లోపల గోడ మీది ఉష్ణమాపకం పదకొండు డిగ్రీలు చూపిస్తోంది. “అత్తయ్యా!” అని పిలిచింది. పడకగదిలో పక్క నీటుగా సర్ది ఉంది. కింద పడితే నొక్కమని మెడలో వేసిన అలారం బిళ్ళ వంటింటి మేకుకి వేలాడుతూ, లేని సిగ్నల్ కోసం ఎర్రగా మినుకుమంటోంది. చక్రాల నడకబండి లేదు. సోల్వి ఈ ఇంటికీ ఒకటి సర్ది, తన చేత్తో తెచ్చి బల్ల కింద పెట్టిన ‘ఆపద’ పెట్టె కూడా లేదు.

ఆమె రాసిన నూట నలభై పేజీల్లో దేనికీ ఖాళీ వదల్లేదు. ‘ఎర్ర చుక్క మనిషి ఇంట్లో లేకపోతే’ అన్నదానికి తప్ప. అరిగిన మోకాళ్ళతో, ఈ గాలిలో, ఎక్కడికని వెళ్తుంది?

పెరటి తలుపు తెరిచేసరికి ముక్కుకి వాసన తగిలింది. బిర్చి కట్టెల పొగ.

కొండరాయి చాటున ఒదిగి ఉన్న పడవల కొట్టం ముందు మున్సిపాలిటీ బస్సు ఆగి ఉంది. సోల్వి ఆ ఏటవాలు మీద రెండుసార్లు జారి, మోచేతుల మీద లేచి, కొట్టం తలుపు లాగింది.

లోపల వేడి మొహాన కొట్టింది. దుప్పి బొమ్మ పొయ్యి భగభగ మండుతోంది. బోర్లించిన చేపల బుట్ట మీద రాగ్న కూర్చుని పేలిక చుట్టుకున్న చేత్తో కట్టె తోస్తోంది. ఎదురుగా, గొర్రెతోళ్ళు చుట్టుకుని వృద్ధుల నిలయంలో ఉండే ఆడ్‌నీ, రిటైరయిన బడిపంతులు మథియాస్. బస్సు డ్రైవరు వలల కుప్ప మీద చేరగిలి మాకెరెల్ డబ్బా గీరుకు తింటున్నాడు.

“తలుపు వెయ్యి అమ్మాయ్. వేడంతా పోతోంది,” అంది రాగ్న.

సోల్వి తలుపు వేసింది. “వీళ్ళు... ఇక్కడెలా?”

“అయిదుగురిలో ముగ్గుర్ని బంధువుల ఇళ్ళలో దింపేశాను. ఆడ్‌నీగారిని మేనకోడలింట్లో దింపమని మీ కాగితంలో ఉంది,” అన్నాడు డ్రైవరు. “తలుపు కొట్టి కొట్టి చేతులు వాచాయి. ఆ మేనకోడలు బెరిత్ కదా, డ్యూటీలో ఉందట. పంతులుగారిని షెల్ ఇంటికి తీసుకెళ్తే అక్కడా తాళమే. రోడ్డు మీద నిలబడి ఏం చెయ్యాలా అని చూస్తుంటే, ఈ గుమ్మంలోంచి మీ అత్తగారు గరిట ఊపారు.”

“మీరు ఇంతదూరం ఎలా వచ్చారు అత్తయ్యా, ఈ గాలిలో?”

“కరెంటు పోయిన నిమిషానికే బయల్దేరాను, గాలి ముదరకముందే. అరగంట పట్టింది. నాకేం తొందర?” రాగ్న నడకబండి కేసి గడ్డం చూపించింది. దాని బుట్టలో ఖాళీ ‘ఆపద’ పెట్టె ఉంది. “ఎనభై నాలుగేళ్ళుగా చూస్తున్నా. కరెంటు పోతే పొయ్యి దగ్గరికి వెళ్ళాలి. పొయ్యిని మీరు ఇక్కడ పెట్టారు, ఇక్కడికే వచ్చాను.”

“కానీ మాలో ఎవరో ఒకరం వస్తామని...”

“ముగ్గురున్నారుగా నాకు. ముగ్గురుంటే ఎవరూ రారని నాకు తెలుసు.” ఎత్తిపొడుపు లేదు ఆ గొంతులో. కట్టెలో తడి ఉందని చెప్పినట్టు చెప్పింది. తర్వాత సోల్వి మొహంలోకి చూసి, చూపు తిప్పుకుని, ఒక డబ్బా అందించింది. “ఇంద. ఇప్పుడు తినొచ్చా, లేక ఇది కూడా ఉత్త శనివారమేనా?”

సోల్వి తింది. పొద్దుట్నుంచీ ఏమీ తినలేదని అప్పుడే గుర్తొచ్చింది.

నిలయానికి డీజిల్ చేరేసరికి రెండయింది. సాయంత్రం ఏడింటికి కరెంటు వచ్చింది. ఎవరికీ ఏమీ కాలేదు.

గురువారం జిల్లా కార్యాలయం నుంచి ఉత్తరం వచ్చింది. తీవ్రమైన తుఫానులో ఒక్క ప్రాణానికీ హాని జరగకుండా చూసిన ప్రణాళికకి అభినందనలు. ముఖ్యంగా, బాధితుల్ని ‘ముందే గుర్తించిన వెచ్చని స్థలానికి’ తరలించిన తీరు మిగతా దీవులకు ఆదర్శం. వీలుంటే ఒక చిన్న ప్రసంగం. సోల్వి ఆ ఉత్తరాన్ని రెండుసార్లు చదివి ఎర్ర అట్ట లోపల పెట్టింది.

శుక్రవారం పొద్దున ఆఫీసుకి బయల్దేరుతుంటే గొర్రె కింద కాగితం మీద సంతకం కనిపించింది. వంకరటింకర అక్షరాలు, రాగ్న పూర్తి పేరు.

ఆమె పెరడు దాటి వెళ్ళి అడిగింది. “ఎందుకు పెట్టారు? బుధవారం మీరే కదా అందరికంటే బాగున్నది!”

“నేను బాగానే ఉన్నాను.” రాగ్న కిటికీ దగ్గర సగం ఎండిన ఏదో మొక్కకి నీళ్ళు పోస్తోంది. “కొట్టం గుమ్మంలో నిలబడ్డప్పుడు నీ మొహం చూశాను. మా ఆయన పడవ ఆలస్యమయినప్పుడల్లా అద్దంలో కనబడేది నాకా మొహం. అది నీకు మళ్ళీ రాకూడదు. తీసుకెళ్ళి ఇచ్చెయ్.”

సోల్వి కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది.

ఆదివారం మళ్ళీ అదే బల్ల, అవే వాఫిల్స్. వంతెన తెరిచారు గనక ఇడున్ వచ్చింది. ఇవార్ కొట్టుకి మూడు నిమిషాలు నడిచి, వానలోనే, మూడు డబ్బాలు తెచ్చి ఎవరూ అడక్కుండా పెట్టెలో పెట్టాడు. ఇంట్లో అంతకంటే పెద్ద క్షమాపణ ఎవరూ ఎరగరు.

“నీ ప్రసంగం ఎప్పుడమ్మా?” అంది ఇడున్. “నానమ్మని కూడా తీసుకెళ్ళు. ‘ముందే గుర్తించిన వెచ్చని స్థలం’ లేచి నిలబడి నమస్కారం పెడుతుంది.”

“నిలబడటం కష్టం. కూర్చునే పెడతాను,” అంది రాగ్న. ఆవిడ వాఫిల్ సగమే తిన్నది. ఏ తివాచీ ఎవరికి ఇవ్వాలో, కుండీలు ఎవరు చూస్తారో రెండ్రోజులుగా లెక్కలు వేసుకుంటోంది.

సోల్వి కాఫీ పోస్తోంది. అందరి కప్పులూ నింపి, కెటిల్ కింద పెట్టి, తన కుర్చీలో కూర్చుంది.

“ఇకనుంచి మనిషికి ఒక్క బిళ్ళే,” అంది. ఆఫీసు గొంతు కాదది. “ఇవార్, నీకు నీలం. ఇడున్‌కి పసుపు. నేను ఆ నేలమాళిగలో. అత్తయ్య కార్డు మీద బాధ్యుల గడి ఖాళీ.”

“ఖాళీగా ఎలా వదిలేస్తావ్?” అన్నాడు ఇవార్.

“ఖాళీ అన్నది నిజం కనుక.” ఆమె చీజ్ పళ్ళెం అత్తగారి వైపు జరిపింది. “కార్డు వెనక్కి తిప్పి రాశాను. కట్టెల పొయ్యి ఒకటి, కుర్చీలు ఆరు, ఆపదలో దగ్గరివాళ్ళని ఇక్కడికి పంపొచ్చు అని. చుక్క తీసేశాను. శుక్రవారం ఆ కాగితం నేను ఇవ్వలేదు. గది వేరేవాళ్ళకి వెళ్ళిపోయింది.”

రాగ్న చేతిలో చాకు చీజ్ మీదే ఆగిపోయింది.

“మంగళవారం మేస్త్రీ వస్తాడు,” అంది సోల్వి. “కింద ఇనప పలక వేయించి, పొయ్యిని మళ్ళీ అత్తయ్య వంటింట్లో పెట్టిస్తున్నాను.”